బయటి నుంచి రిజిస్టర్ అయితే సభ్యుడి పేజీ ఎందుకు చెడిపోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎమ్మిగనూరు చేనేతవాళ్లు, ఆళ్లగడ్డ శిల్పులు, ఆదోని చుట్టుపక్కల చేతివృత్తుల వాళ్ల కోసం వర్డ్‌ప్రెస్‌లో సైట్ కడుతున్నారు. ఫారం నింపి రిజిస్టర్ అవగానే ఆ మనిషికి ఒక పేజీ దానంతటదే తయారవ్వాలి. అందుకోసం యూజర్_రిజిస్టర్ హుక్ (కొత్త ఖాతా పుట్టగానే మన కోడ్‌ను నడిపే చోటు) పట్టుకుని, అందులో పేజీని తయారు చేసే డబ్ల్యూపీ_ఇన్సర్ట్_పోస్ట్ ఫంక్షన్‌ను పిలిచారు. డాష్‌బోర్డ్‌లో మీరే యూజర్‌ను కలిపి చూస్తే పేజీ చక్కగా వస్తోంది. బయటి నుంచి ఎవరైనా రిజిస్టర్ అయితే మాత్రం రచయిత పేరు ఖాళీగా ఉంటోంది, గూగుల్ మ్యాప్ మాయమవుతోంది, మండలం పడటం లేదు, షాపు పేరు రావడం లేదు. ఇప్పటికే కొన్ని పేజీలు అలాగే పబ్లిష్ అయిపోయాయి కాబట్టి వాటిని ఎలా సరిచేయాలో కూడా అడిగారు.

నేను కర్నూలులో ఇలాంటి సైట్లే చేస్తుంటాను. సభ్యుల పేజీలున్న ప్రతి పనిలోనూ ఈ గొడవ ఏదో ఒక రూపంలో వస్తుంది. మీరు రాసిన నాలుగు లక్షణాల్లో మూడింటికి కారణం ఒక్కటే. యూజర్_రిజిస్టర్ హుక్ నడిచే క్షణంలో ఖాతా పుట్టింది గానీ ఆ మనిషి ఇంకా లాగిన్ అవ్వలేదు. సైట్ దృష్టిలో అప్పుడు అక్కడ ఎవరూ లేరు. డాష్‌బోర్డ్‌లో మీరు పరీక్షించినప్పుడు మాత్రం అడ్మిన్‌గా మీరు ఉన్నారు. కోడ్ అదే అయినా రెండు సందర్భాలూ వేరు.

రచయిత సంగతి చూడండి. డబ్ల్యూపీ_ఇన్సర్ట్_పోస్ట్‌కు పోస్ట్_ఆథర్ విడిగా ఇవ్వకపోతే, ఆ సమయంలో లాగిన్ అయి ఉన్న మనిషి నంబర్ తీసుకుంటుంది. ఎవరూ లేకపోతే సున్నా. నిజానికి డాష్‌బోర్డ్ నుంచి మీరు కలిపినప్పుడు వచ్చిన పేజీలు కూడా సరిగ్గా లేవు. ఒకసారి తెరిచి చూడండి, రచయిత గడిలో సభ్యుడి పేరుకు బదులు మీ పేరు ఉంటుంది. హుక్ మీ ఫంక్షన్‌కు కొత్త సభ్యుడి నంబర్‌ను ఎలాగూ అందిస్తోంది. దాన్నే పోస్ట్_ఆథర్‌గా రాస్తే ఇది తీరిపోతుంది.

మ్యాప్ మాయమవడం చాలామందిని రోజుల తరబడి తిప్పలు పెడుతుంది. వర్డ్‌ప్రెస్‌లో కేసెస్ అనే జల్లెడ ఉంది. ఏ ట్యాగులైనా రాసుకునే హక్కు లేని మనిషి కంటెంట్ సేవ్ చేస్తే, ఐఫ్రేమ్ (వేరే సైట్ ముక్కను మన పేజీలో చూపేది, మీ మ్యాప్ దీంతోనే వస్తోంది), స్క్రిప్ట్, ఫారం లాంటి ట్యాగులను అది తీసేస్తుంది. మామూలు సైట్‌లో అడ్మిన్‌కూ ఎడిటర్‌కూ ఆ హక్కు ఉంటుంది. లాగిన్ అవ్వని మనిషికి ఉండదు గదా. అందుకే మీ చేతుల మీదుగా పోయినప్పుడు నిలిచిన మ్యాప్ ఐఫ్రేమ్, బయటివాళ్లు రిజిస్టర్ అయినప్పుడు ఏ ఎర్రర్ చూపకుండా ఎగిరిపోతోంది. లాగ్‌లో కూడా ఏమీ దొరకదు.

మండలం కథా అంతే. మీరు మండలాన్ని వర్గీకరణగా, టాక్స్_ఇన్‌పుట్‌లో పెట్టి డబ్ల్యూపీ_ఇన్సర్ట్_పోస్ట్‌కు పంపుతున్నారు. ఆ ఫంక్షన్ పేజీ పెట్టేటప్పుడు మామూలుగా ఎవరి హక్కులూ చూడదు. రాసే హక్కు లేని సబ్‌స్క్రైబర్ పేరున కూడా పేజీ పెట్టేస్తుంది. టాక్స్_ఇన్‌పుట్ దగ్గర మాత్రం, లాగిన్ అయిన మనిషికి ఆ వర్గీకరణ వాడే హక్కు ఉందా అని చూసి, లేకపోతే చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. పేజీ తయారయ్యాక దాని నంబర్‌తో డబ్ల్యూపీ_సెట్_ఆబ్జెక్ట్_టర్మ్స్‌ను విడిగా పిలవండి. దానికి ఈ అడ్డు లేదు.

షాపు పేరు రాకపోవడానికి కారణం వేరు, అది వరుసలో వచ్చిన తేడా. మీ ఫారం ప్లగిన్ కూడా చాలావరకు అదే యూజర్_రిజిస్టర్ హుక్‌లో షాపు పేరు, ఫోన్ లాంటివి యూజర్ మెటాలో (ఖాతాతో పాటు ఉండే అదనపు వివరాల్లో) దాస్తూ ఉంటుంది. ఇద్దరూ డిఫాల్ట్ ప్రయారిటీ (నడిచే వరుస నంబర్) 10లోనే ఉంటే, ముందు ఎవరు చేరారో వాళ్లే ముందు నడుస్తారు. మీ ఫంక్షన్ ముందు నడిస్తే యూజర్ మెటా ఖాళీ. ప్రయారిటీ 20 అని ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది. ప్లగిన్ అన్ని గడులూ సేవ్ చేశాక నడిచే సొంత హుక్ ఏదైనా ఇస్తే, దాన్ని వాడటం ఇంకా నయం. గ్రావిటీ ఫారమ్స్ యూజర్ రిజిస్ట్రేషన్‌లో జీఫారం_యూజర్_రిజిస్టర్డ్ అలాంటిదే.

వెతికితే ఈ మూడు లక్షణాలకూ ఒక అడ్డదారి దొరుకుతుంది. హుక్‌లో మొదటి లైన్‌గా డబ్ల్యూపీ_సెట్_కరెంట్_యూజర్ అని రాసి అడ్మిన్ నంబర్ ఇచ్చేయమంటారు. రచయిత సంగతి అటుంచితే మ్యాపూ మండలమూ వెంటనే పనిచేస్తాయి కూడా. దయచేసి అలా చేయకండి. అలా చేస్తే ముక్కూమొహం తెలియని మనిషి ఫారంలో టైప్ చేసిన అక్షరాలు అడ్మిన్ హక్కులతో మీ డేటాబేస్‌లోకి పోతాయి. షాపు పేరు గడిలో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ రాస్తే, అది ఆ పేజీ చూసే ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ నడుస్తుంది. ఆ జల్లెడను తాత్కాలికంగా తీసేసి మళ్ళీ పెట్టడంలోనూ అదే ప్రమాదం. ఐఫ్రేమ్‌ను ఆపడం ఆ జల్లెడ చేయాల్సిన పనే. ఐఫ్రేమ్‌ను పేజీ కంటెంట్‌లో పెట్టడం దగ్గరే అసలు చిక్కు ఉంది.

మీరు అడగకపోయినా ఈ మాట చెప్పాలి. మీ కోడ్ ప్రతి సభ్యుడికీ ఒక నమూనా పాఠాన్ని నింపి, పేరూ ఊరూ మధ్యలో పెట్టి, పబ్లిష్ చేస్తోంది. రిజిస్ట్రేషన్ రోజున సభ్యుడికి ఇవ్వాల్సింది స్థలం పట్టా. ఇల్లు తర్వాత కట్టుకుంటాడు. అంటే అతని పేరున ఒక డ్రాఫ్ట్, దానికి మెటాగా షాపు పేరు, మ్యాప్‌లో గుర్తు, వర్గీకరణగా మండలం, అంతే. కంటెంట్ ఖాళీగా ఉండనివ్వండి. "ఫలానా గారు కర్నూలు జిల్లా ఫలానా మండలంలో..." అనే వాక్యం, మ్యాప్ ఐఫ్రేమ్, వాట్సాప్ బటన్ అన్నీ థీమ్‌లోని ఆ పేజీ టెంప్లేట్ చూపించాలి. ఐఫ్రేమ్ టెంప్లేట్ నుంచి వస్తే జల్లెడతో పనే పడదు.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో మన జిల్లాతోనే చెప్తాను. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆళ్లగడ్డ, బనగానపల్లె నంద్యాల జిల్లాలోకి పోయాయి. అటు ధర్మవరం అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అంతకుముందు కట్టిన సైట్లలో "కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ" అని ప్రతి పేజీ పాఠంలోనూ అచ్చువేసినట్టు ఉంటే, వందల పేజీలు తెరిచి మార్చాలి. అదే మండలాన్ని వర్గీకరణగా పెట్టి, జిల్లాను దానికి పైమెట్టుగా పెడితే, ఆళ్లగడ్డ పైమెట్టును కర్నూలు నుంచి నంద్యాలకు మార్చిన వెంటనే అన్ని పేజీలూ మారిపోతాయి. మండలాన్ని టైప్ చేయించొద్దు, డ్రాప్‌డౌన్ ఇవ్వండి. టైప్ చేయిస్తే ఎమ్మిగనూరు, యెమ్మిగనూరు, ఎమ్మిగనూర్ అని మూడు ఊళ్లు తయారవుతాయి, వెతికే కొనుగోలుదారుకు మూడో వంతు మనుషులే కనిపిస్తారు.

కంటెంట్ ఖాళీగా పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. శీర్షిక, కంటెంట్, సారాంశం మూడూ ఉండే పోస్ట్ రకంలో ఆ మూడూ ఖాళీ అయితే డబ్ల్యూపీ_ఇన్సర్ట్_పోస్ట్ పేజీ పెట్టడానికి నిరాకరిస్తుంది. షాపు పేరు గడి ఎవరైనా వదిలేస్తే అక్కడ పేజీ రాదు, సారాంశం లేని రకంలో అయితే శీర్షిక లేని పేజీ వస్తుంది. కాబట్టి షాపు పేరు లేకపోతే డిస్‌ప్లే పేరు, అదీ లేకపోతే "కొత్త సభ్యుడు" అని శీర్షిక పడేలా రాయండి. రెండో పారామీటర్ ట్రూ అని ఇవ్వండి. అప్పుడు తప్పు జరిగితే ఉత్తి సున్నాకు బదులు కారణంతో సహా ఎర్రర్ వస్తుంది, దాన్ని లాగ్‌లో రాయించుకోవచ్చు.

ఇంకొకటి, మీరు వాడుతున్నది "పేజ్" రకం. అక్కడే ఆగి ఆలోచించండి. వర్డ్‌ప్రెస్‌లో పేజీలు దిద్దే హక్కు అడ్మిన్‌కూ ఎడిటర్‌కూ తప్ప మిగతావాళ్లకు లేదు. సబ్‌స్క్రైబర్, కంట్రిబ్యూటర్ సంగతి పక్కన పెడితే, ఆథర్ కూడా తన పేరున ఉన్న పేజీని తెరవలేడు. అంటే రచయితను సరిచేసినా ఆ నేతన్న తన ఫోటో తాను పెట్టుకోలేడు. పైగా మెనూలో కొత్త పేజీలు ఆటోమేటిక్‌గా చేరాలని ఎక్కడైనా టిక్ పెట్టి ఉంటే, సభ్యులందరూ మెనూలో బారులు తీరుతారు. విడిగా ఒక కస్టమ్ పోస్ట్ రకం నమోదు చేయండి, దానికి సొంత హక్కుల పేర్లు ఇవ్వండి, మ్యాప్_మెటా_క్యాప్ (సొంత పేజీనా, పరాయి పేజీనా చూసి హక్కు తేల్చేది) ట్రూ చేయండి, సపోర్ట్స్‌లో (ఆ రకానికి ఉండే గడుల జాబితాలో) ఆథర్‌ను మర్చిపోకండి. ఆథర్ లేకపోతే, రేపు ఒక సభ్యుడి ఖాతా తీసేసినప్పుడు అతని పేజీ పోకుండా దిక్కులేకుండా మిగిలిపోతుంది.

రోల్ విషయంలో చాలామంది కంట్రిబ్యూటర్ ఇచ్చి సరిపెట్టేస్తారు. మీ పనికి అది పనికిరాదు. కంట్రిబ్యూటర్ ఫోటోలు అప్‌లోడ్ చేయలేడు, చీరలు అమ్ముకునే మనిషికి ఫోటోనే ప్రాణం. రెండోది, అతని డ్రాఫ్ట్‌ను మీరు పబ్లిష్ చేసిన మరుక్షణం నుంచి అతను దాన్ని ముట్టుకోలేడు. ధర మారినా, ఫోన్ నంబర్ మారినా మీకే ఫోన్ చేయాలి. అందుకని "సభ్యుడు" అని కొత్త రోల్ చేసి, తన పేజీ దిద్దుకోవడం, పబ్లిష్ అయ్యాక కూడా దిద్దుకోవడం, ఫోటో అప్‌లోడ్ ఈ మూడు హక్కులూ ఇవ్వండి. కొత్త పేజీలు పుట్టించే హక్కు, సొంతంగా పబ్లిష్ చేసే హక్కు ఇవ్వొద్దు. అప్‌లోడ్ హక్కు ఇస్తే మీడియా లైబ్రరీలో అందరి ఫోటోలూ కనిపిస్తాయి. ఒకరి డిజైన్లు ఇంకొకరు చూడటం నేతవాళ్లకు సహించని విషయం. ఏజాక్స్_క్వెరీ_అటాచ్‌మెంట్స్_ఆర్గ్స్ ఫిల్టర్‌లో ఎవరివి వాళ్లకే కనిపించేలా చేయండి. రోల్ డేటాబేస్‌లో దాగుతుంది కాబట్టి ప్లగిన్ యాక్టివేట్ అయినప్పుడు ఒక్కసారి కలిపితే చాలు.

ఇదంతా థీమ్ ఫంక్షన్స్ ఫైల్లో రాయకండి. థీమ్ మార్చిన రోజు పేజీల రకమే కనిపించకుండా పోతుంది. చిన్న ప్లగిన్‌గా రాసుకోండి.

పేజీ ఎప్పుడు పుట్టాలి అన్నదాంట్లో నా అభిప్రాయం మీ ప్లాన్‌కు కొంచెం ఎదురు. రిజిస్ట్రేషన్ అందరికీ తెరిచిన సైట్‌కు రోబోలు వచ్చి ఖాతాలు తెరవడం మామూలే. వర్డ్‌ప్రెస్ సొంత రిజిస్ట్రేషన్‌లో ఈమెయిల్ నిజమో కాదో తేలకముందే ఖాతా పుడుతుంది, హుక్ కూడా అప్పుడే నడుస్తుంది. పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు ఈమెయిల్‌కు పోతుంది కాబట్టి, లాగిన్ అయ్యాడంటే ఆ ఈమెయిల్ అతనిదే అన్నమాట. అందువల్ల సొంతంగా రిజిస్టర్ అయినవాళ్లకు పేజీని మొదటి లాగిన్ దగ్గర, అంటే డబ్ల్యూపీ_లాగిన్ హుక్‌లో పుట్టించమంటాను. పేజీ పుట్టించే పని మొత్తాన్ని సభ్యుడి నంబర్ తీసుకునే ఒక ఫంక్షన్‌గా రాయండి. అది మొదట యూజర్ మెటాలో పేజీ నంబర్ ఉందేమో చూడాలి. ఉంటే వెనక్కి వచ్చేయాలి, లేకపోతే పేజీ చేసి ఆ నంబర్ రాసిపెట్టాలి. అప్పుడు ఆ ఫంక్షన్‌ను ఏ హుక్ నుంచి ఎన్నిసార్లు పిలిచినా రెండో పేజీ పుట్టదు. డబ్ల్యూపీ_లాగిన్ దగ్గర కూడా ఆ రిక్వెస్ట్‌లో కరెంట్ యూజర్ ఇంకా సిద్ధంగా ఉండడు. పేరు చూసి మోసపోకుండా రచయితను అక్కడా చేత్తో ఇవ్వండి.

మన దగ్గర ఇంకో వాస్తవం ఉంది. నెట్ సెంటర్‌లో కూర్చున్న కుర్రాడో, సొసైటీ సెక్రటరీనో పదిమంది తరఫున ఫారాలు నింపుతాడు. ఈమెయిల్ గడిలో తన ఈమెయిలే కొడతాడు. ఒకే ఈమెయిల్‌తో రెండో ఖాతాకు వర్డ్‌ప్రెస్ ఒప్పుకోదు. రెండో మనిషి దగ్గరే ఆగిపోయి "సైట్ పనిచేయడం లేదు" అని మీకు ఫోన్ వస్తుంది. అలాంటి మనిషికి ఒక లాగిన్ ఇచ్చి, అతని లాగిన్‌లో మాత్రమే కనిపించే "సభ్యుడిని చేర్చు" ఫారం పెట్టండి. డబ్ల్యూపీ_ఇన్సర్ట్_యూజర్‌కు ఈమెయిల్ లేకపోయినా పర్వాలేదు. అక్కడ యూజర్_రిజిస్టర్ దగ్గరే పేజీ పుట్టించొచ్చు, తెలిసిన మనిషి చేర్చినవాళ్లే కాబట్టి. రచయితగా సెక్రటరీ పేరు పడకుండా చూసుకోవడం ఒక్కటే జాగ్రత్త, దానికి మందు పైన చెప్పిందే.

ఇప్పుడు తెలుగు పేర్లతో వచ్చే చిక్కు. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఇది దొరకదు. శీర్షిక తెలుగులో ఉంటే లింకులో పడే స్లగ్ కూడా తెలుగులోనే తయారవుతుంది. యూనికోడ్‌లో మన ప్రతి గుర్తూ 3 బైట్లు, లింకులోకి మారినప్పుడు శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలు. గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడి గుర్తులే. ఒక్క "శ్రీ"కే 4 గుర్తులు, 36 అక్షరాలు. స్లగ్‌కు డేటాబేస్‌లో ఉన్న చోటు 200. అంటే మహా అయితే 22 గుర్తులు పడతాయి. "శ్రీ చౌడేశ్వరి చేనేత వస్త్రాలయం" అని షాపు పేరు ఇస్తే లింకు "వస్" దగ్గర తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే సగం స్క్రీన్ శాతం గుర్తులే నిండుతాయి, చూసినవాళ్లు ఏదో వైరస్ లింకనుకుని నొక్కరు. స్లగ్‌ను మీరే ఇవ్వండి. మండలం పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, పక్కన సభ్యుడి నంబర్. emmiganur-412 లాగా పొట్టిగా ఉంటుంది, విజిటింగ్ కార్డు మీద అచ్చువేయించుకోవచ్చు.

యూజర్‌నేమ్ గడి అసలు చూపించకండి. మామూలు రిజిస్ట్రేషన్‌లో తెలుగు అక్షరాల యూజర్‌నేమ్ చెల్లదు. చెల్లదని చెప్తే మనవాళ్లు వెంటనే ఫోన్ నంబర్ కొడతారు. యూజర్‌నేమ్ నుంచే రచయిత పేజీ లింకు తయారవుతుంది కాబట్టి ఆ నంబర్ సైట్ లింకుల్లో అందరికీ కనిపిస్తుంది. ఆ మనిషి ఆడమనిషి అయితే ఎలాంటి కాల్స్ వస్తాయో చెప్పక్కర్లేదు. యూజర్‌నేమ్‌ను కోడ్ తయారు చేయాలి. ఫోన్ నంబర్ పేజీలో చూపడానికి ఫారంలో విడిగా ఒక టిక్ గడి పెట్టండి. అది ముందే టిక్ అయి ఉండకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి స్పష్టంగా ఉండాలనే చెప్తోంది.

రేపెప్పుడైనా వేరే సీఎంఎస్‌లో (వర్డ్‌ప్రెస్ లాంటి, సైట్ నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఇదే పని పడినా ఆలోచన ఇదే. ద్రుపాల్‌లో యూజర్ ఇన్సర్ట్ హుక్ ఉంటుంది. అక్కడా నోడ్ (పేజీని అక్కడ అలా అంటారు) యజమానిని ఇవ్వకపోతే కరెంట్ యూజర్, అంటే అనామకుడు పడతాడు. జూమ్లాలో ఆన్‌యూజర్‌ఆఫ్టర్‌సేవ్ ప్రొఫైల్ సేవ్ చేసిన ప్రతిసారీ నడుస్తుంది. కొత్త ఖాతానా కాదా అని చెప్పే పారామీటర్ చూడకపోతే పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ ఒక పేజీ పుడుతుంది.

ఇక ఇప్పటికే చెడిపోయిన పేజీలు. ముందు డేటాబేస్ బ్యాకప్ తీసుకోండి, రిజిస్ట్రేషన్ తాత్కాలికంగా మూసేయండి. రచయిత సున్నా ఉన్న పేజీలను ఎవరివో కనిపెట్టడానికి శీర్షికలు పనికిరావు, షాపు పేరు పడలేదు గదా. కాలాన్ని పట్టుకోండి. ఖాతా పుట్టిన సమయం యూజర్స్ టేబుల్లో, పేజీ పుట్టిన సమయం పోస్ట్స్ టేబుల్లో ఉంటాయి, రెండింటికీ తేడా ఒకటి రెండు సెకన్లే. ఖాతా సమయం గ్రీన్‌విచ్ కాలంలో నమోదవుతుంది. దాన్ని పోస్ట్_డేట్_జీఎంటీతో పోల్చాలి. పక్కనున్న పోస్ట్_డేట్‌తో పోలిస్తే ఐదున్నర గంటల తేడా వచ్చి ఒక్కటీ జత కుదరదు. కుదిరిన జతలను ముందు యూజర్ మెటాలో పేజీ నంబర్‌గా రాసేయండి, ఎందుకంటే డ్రాఫ్ట్‌గా మార్చాక ఆ సమయాల మీద ఆధారపడలేం. తర్వాత ఒక్కో పేజీకి రచయిత, కొత్త పోస్ట్ రకం, మండలం, యూజర్ మెటాలోని షాపు పేరు, కొత్త స్లగ్ రాసి డ్రాఫ్ట్ చేయండి. పాత లింకు ఎవరికైనా పంపి ఉంటే కొత్తదానికి రీడైరెక్ట్ పెట్టండి. డాష్‌బోర్డ్ నుంచి మీరు కలిపిన సభ్యుల పేజీలు మీ పేరున ఉన్నాయి, వాటినీ ఇదే వరుసలో సరిచేయండి.

పరీక్ష మాత్రం డాష్‌బోర్డ్ నుంచి చేయకండి. ఫోన్‌లో ప్రైవేట్ విండో తెరిచి, తెలుగులో పొడుగు షాపు పేరుతో, లాగిన్ కాకుండా రిజిస్టర్ అవ్వండి. మెయిల్ లింకుతో పాస్‌వర్డ్ పెట్టి, లోపలికి వెళ్లి, సభ్యుడిగా ఒక ఫోటో ఎక్కించి చూడండి. అడ్మిన్‌గా దాన్ని పబ్లిష్ చేసి, మళ్ళీ సభ్యుడిగా వచ్చి ఆ ఫోటో మార్చగలుగుతున్నారో లేదో చూడండి. అది మారితే రిజిస్ట్రేషన్ తెరిచి, లింకును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొచ్చు.